ఆ మాట తెలుగులోకి వచ్చిన సాయంత్రం

నేను హిందీ పంతుల్ని. గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే వైపు, చుట్టూ మిరప, పత్తి చేలున్న ఒక చిన్న టౌన్లో ప్రైవేటు స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పాను. సాయంత్రాలు ఇంటి వసారాలో హిందీ పరీక్షలకు ట్యూషన్ చెప్పేవాణ్ణి. మా వైపు హిందీ ధారాళంగా వచ్చినవాళ్ళు తక్కువ. అందుకే నాకు ఇంకో పని కూడా వచ్చిపడింది. ఉత్తరాది నుంచి ఎవరైనా వక్త మా ప్రాంతంలో సభకు వస్తే, ఆయన పక్కన ఇంకో మైకు పట్టుకుని నిలబడి, ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెప్పాలి. ఏ పార్టీ వాళ్ళయినా నన్నే పిలిచేవాళ్ళు. రైతు సంఘాల సభలకు వెళ్ళాను, ఎన్నికల సభలకు వెళ్ళాను, ఆధ్యాత్మిక ఉపన్యాసాలకు వెళ్ళాను. ఎవరి మాటా నా సొంతం కాదు కాబట్టి నాకు ఎవరితోనూ పేచీ ఉండేది కాదు.

ఆ సభలన్నిటికీ మైకుసెట్టు నా స్నేహితుడిదే. ఇద్దరం ఒకే బడిలో, ఒకే బల్ల మీద చదువుకున్నాం. వాళ్ళది దూదేకుల ముస్లిం కుటుంబం. తాత పత్తి ఏకేవాడు, తండ్రి పరుపులు కుట్టేవాడు, వీడు మైకుసెట్టు పెట్టాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. వయసులో ఉన్నప్పుడు మిర్చి లారీల మీద నాగపూర్ దాకా తిరిగాడు కాబట్టి హిందీ వింటే అర్థమవుతుంది, మాట్లాడలేడు. తిరునాళ్ళకీ పెళ్ళిళ్ళకీ ఉరుసుకీ క్రిస్మస్‌కీ ఊళ్ళో హారన్లు కట్టేది వీడే. సభ జరుగుతున్నంతసేపూ స్టేజీ పక్కన ఆంప్లిఫయర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అయిపోయాక వైర్లు చుట్టుకుంటూ, "ఇవాళ నీ తెలుగు బాగుందిరా, ఆయన హిందీ కంటే" అనేవాడు.

ఉత్తరాది వక్త ఒకాయన మా ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు సభ అని కూడా అనడానికి లేదు. కళ్యాణమండపం వెనక భోజనాల హాల్లో కొన్ని కుర్చీలు వేశారు. సగం ఖాళీ. పేరున్నవాళ్ళు ఎవరూ రాలేదు. మనిషి మెత్తగా ఉన్నాడు. వేడినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. మీకెంతమంది పిల్లలు, ఏం చదువుతున్నారు అని నన్ను ఆప్యాయంగా అడిగాడు. మైకు ముందుకు వెళ్ళాక గొంతు మారింది. దేశం అనే ఇంట్లో దూలాల్ని లోపల్నుంచి తినేస్తున్న చెదపురుగులున్నాయన్నాడు. ఎవరిని అంటున్నాడో దాచుకోలేదు. వాళ్ళ దగ్గర కొనకండి, వాళ్ళకు పని ఇవ్వకండి అన్నాడు.

నేను ఒక్క క్షణం ఆగి, "కొంతమంది వల్ల దేశానికి నష్టం జరుగుతోందని వీరి అభిప్రాయం" అని చెప్పాను. తర్వాతి వాక్యాన్ని, "మనవాళ్ళ వ్యాపారాలను మనం ప్రోత్సహించుకోవాలి" అన్నాను. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒకాయన కునుకు తీస్తున్నాడు.

బయటికొచ్చాక నా స్నేహితుడు బాక్సులు ఆటోలోకి ఎక్కిస్తూ అడిగాడు.

"చెదపురుగంటే చెదపురుగనే చెప్పొచ్చుగా?"

"అవసరమా? ఎక్కణ్ణుంచో వచ్చాడు, రేపు పోతాడు."

"నాకు అర్థమైందిలేరా. నువ్వు దాచినంత మాత్రాన పోద్దా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆటో ఎక్కాక నాకు పక్కన చోటు కూడా చూపించాడు. అలాంటి మాటలు ఎప్పుడూ ఎక్కడో ఒక మూల ఉంటాయి, మంచీ మర్యాదా తెలిసినవాళ్ళు వాటిని ఇంట్లోకి రానివ్వరు అని ఆ రోజు నేను నమ్మాను. వాడు కూడా కొంత నమ్మాడనే అనుకుంటాను.

తర్వాత మిరపకు తామర పురుగు వచ్చిన ఏడాది వచ్చింది. మా వైపు వాళ్ళకు ఆ ఏడాది గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. నల్లగా, నలుసంత ఉండే పురుగు. పువ్వు లోపల కూర్చుని రసం పీలుస్తుంది. చేను దూరం నుంచి పచ్చగానే కనపడుతుంది, దగ్గరికెళ్ళి చూస్తే కాయ ఉండదు. పూతంతా రాలిపోతుంది. ఏ మందు కొట్టినా లొంగలేదు. నిలువెత్తు పెరిగిన చేలను రైతులు ట్రాక్టర్లు పెట్టి దున్నేశారు. కల్లాల్లో కాయలు ఎర్రగా పరుచుకోవాల్సిన కాలంలో నేల బోసిగా కనిపించేది. కౌలుకు చేసినవాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారు. నా స్నేహితుడు కూడా మైకుసెట్టుతో పాటు కాస్త పొలం కౌలుకు తీసుకుని మిరప వేశాడు. అదీ పోయింది.

ఆ వేడి చల్లారకముందే ఆ వక్త మళ్ళీ వచ్చాడు. ఈసారి సభ మార్కెట్ యార్డు పక్క మైదానంలో. మా ఊరి నాయకుడే దగ్గరుండి ఏర్పాటు చేయించాడు. ఆ నాయకుడు మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తూ రాజకీయాల్లోకి వచ్చినవాడు. నాకంటే బాగా చిన్న. మంచి మాటకారి, నలుగురి కష్టంలో కనిపించే మనిషి. నా స్నేహితుణ్ణి బాబాయ్ అనేవాడు. అతని పెళ్ళికీ, కొత్తింటి గృహప్రవేశానికీ, తండ్రి పెద్దకర్మకూ కూడా మైకుసెట్టు మా వాడిదే. అంతవరకూ అతని నోట అలాంటి మాట మేమెవరమూ వినలేదు.

మైదానం నిండింది. నష్టపోయిన రైతులు పరిహారం గురించి ఏమైనా చెబుతారేమోనని వచ్చారు. వక్త పరిహారం గురించి ఒక వాక్యం చెప్పి, పాత దారికే వెళ్ళాడు. చెదపురుగులన్నాడు. నేను పాత తెలుగే చెప్పాను, "కొంతమంది వల్ల నష్టం" అని.

ముందు వరసల్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ళు కూర్చున్నారు. ఫోన్లలో వీడియోలు చూసి హిందీ నేర్చుకున్న తరం. వాళ్ళలో ఒకడు లేచాడు.

"మాస్టారూ, ఆయన అన్నది అది కాదండి. ఉన్నదున్నట్టు చెప్పండి."

పక్కవాళ్ళు కూడా అందుకున్నారు. వక్త ఏం జరుగుతోందని నా వైపు చూశాడు. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. ఆ మాట తెలుగులో చెప్పడం నాకిష్టం లేదని స్పష్టంగా తెలుసు. అప్పుడు మా నాయకుడు నవ్వుతూ లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, మైకు సున్నితంగా తీసుకున్నాడు.

"మాస్టారు మొహమాటస్తులు. నేను చెబుతా వినండి. ఆయనన్నది చెదపురుగు. మనకి చెదపురుగుతో పనేముంది? మన చేలో పడ్డదేంటి? తామర పురుగు. పువ్వులోనే కూర్చుంటది. కంటికి ఆనదు. కాయ కానివ్వదు. మన మధ్యలో ఉన్నవాళ్ళూ అంతే. దానికి మనం ఏం చేస్తాం?"

ఎవరో, "మందు కొడతాం" అన్నారు. నవ్వులు లేచాయి. నవ్వుల వెనకే చప్పట్లు. పంట పోయి నెలల తరబడి తలదించుకుని తిరిగిన మనుషులు ఆ ఒక్క నిమిషం తలెత్తి నవ్వారు. తమ నష్టానికి ఒక ముఖం దొరికినట్టయింది వాళ్ళకు. హిందీలో అన్నప్పుడు ఎక్కడో పుట్టిన మాటగా ఉన్నది, మా చేలో మాటతో చెప్పేసరికి మాదైపోయింది.

నేను నా స్నేహితుడి వైపు చూశాను. నాయకుడు గట్టిగా అరవడంతో హారన్లలో గొంతు చీలుతోంది. వాడు చెయ్యి చాచి సౌండు కొంచెం తగ్గించి, మాట స్పష్టంగా వచ్చేలా సరిచేశాడు. ఎవరు మాట్లాడినా అలాగే చేస్తాడు. ఆ తర్వాత మీటల మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాడు.

జనం వెళ్ళిపోయాక వైర్లు చుట్టడంలో సాయం చేద్దామని వెళ్ళాను. వాడు ఒక వైరు చుట్ట నా చేతికిచ్చాడు. చుట్టడం అయ్యాక, "నా చేను కూడా దానికే పోయిందిగదరా. అది వాళ్ళకి తెలుసు. నాతోపాటు ట్రాక్టరు మాట్లాడుకున్నవాళ్ళే ముందు వరసలో ఉన్నారు" అన్నాడు.

నేను ఇంక ఈ పని చెయ్యనని అక్కడే చెప్పాను.

"నువ్వు మానేస్తే ఇంకోడొస్తాడు. ఇంకోడు కూడా అక్కర్లేదిప్పుడు" అన్నాడు.

మర్నాటికి ఆ మాటల వీడియో ముక్క ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. కిరాణా కొట్టు దగ్గర, సెలూన్లో, బస్టాండు టీకొట్టు దగ్గర నాయకుడి గొంతే. మొదట్లో వినేవాళ్ళు చుట్టూ చూసుకుని సౌండు తగ్గించేవాళ్ళు. కొన్నాళ్ళకు తగ్గించడం మానేశారు. ఒక టీవీ చానల్ వాళ్ళు "ఈ వ్యాఖ్య తప్పా, ఒప్పా" అని చర్చ పెట్టారు. ఇద్దరు తప్పన్నారు, ఇద్దరు ఒప్పన్నారు. నిన్నటిదాకా ఎవరూ నోటితో అనని మాటకు ఆ చర్చతో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఎదుటి పార్టీ వాళ్ళు ఖండిస్తారని నేను ఎదురుచూశాను. వాళ్ళ నాయకుడు తన సభలో, "పురుగుల సంగతి మాకు తెలియకనా? వాళ్ళవి మాటలు, మా దగ్గర మందుంది" అన్నాడు. దానికీ చప్పట్లు పడ్డాయి.

గట్టిగా అరిచినవాళ్ళకంటే మెల్లగా మాట్లాడినవాళ్ళే నన్ను ఎక్కువ భయపెట్టారు. మా స్కూల్లో లెక్కల టీచరు ఉండేవారు. మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు రోజూ క్యారియరు తెచ్చిపెట్టిన మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగరు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తింటూ ఆవిడ అన్నారు.

"ఆయన అలా అనకుండా ఉండాల్సిందండి మాస్టారూ. మాట మరీ మొరటుగా ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పెరుగు కలుపుకుంటూ, "కానీ చెప్పిందాంట్లో కొంత నిజం లేకపోలేదు కదండీ. జాగ్రత్తగా ఉండటంలో తప్పేముంది?" అన్నారు.

"ఎవరితో జాగ్రత్తగా ఉండాలి మేడం? మన స్కూలు వార్షికోత్సవానికి మైకు పెట్టే ఆయనతోనా?"

"అయ్యో, ఆయన్ని కాదండి. ఆయన మంచివారు. మిగతావాళ్ళని."

మిగతావాళ్ళంటే ఎవరని అడిగాను. ఆవిడకు తెలిసిన మిగతావాళ్ళు ఎవరూ లేరు. నా ప్రశ్నకు నొచ్చుకున్నారు. ఆ తర్వాత నాతో మాట్లాడటం తగ్గించారు. కొద్ది రోజుల్లోనే ఇలాంటి "కానీ"లు చాలా చోట్ల విన్నాను. డాక్టరు గారి నోట విన్నాను, బ్యాంకులో విన్నాను. మాట మొరటుదని అందరూ ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకున్న తర్వాత దానికి కుర్చీ వేసేవాళ్ళు.

నా స్నేహితుడి మనవరాలు మా స్కూల్లోనే ఎనిమిదో తరగతి. చురుకైన పిల్ల. ఒకరోజు క్లాసుకు వెళ్ళేసరికి తన చోటు వదిలి చివరి బల్లలో ఒక్కతే కూర్చుని ఉంది. బోర్డు మీద ఎవరో పువ్వు బొమ్మ వేసి, మధ్యలో చిన్న నల్ల చుక్క పెట్టారు. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. హెడ్‌మాస్టరుకు చెబితే, "పిల్లలు సరదాకి చేసుంటారు, మనం పెద్దది చెయ్యొద్దు" అన్నారు.

మర్నాడు హిందీ పాఠం పక్కన పెట్టి, "ఆ ఏడాది ఎవరెవరి ఇళ్ళల్లో మిరప చేను దున్నేశారో చేతులెత్తండి" అన్నాను. చాలా చేతులు లేచాయి. చివరి బల్లలో ఆ పిల్ల కూడా చెయ్యెత్తింది. కొందరు వెనక్కి తిరిగి చూశారు. "మీ నాన్న ఏం చేశారు చేను పోయాక?" అని ఒక్కొక్కరినీ అడిగాను. ఒకడు వాళ్ళ నాన్న రెండు రోజులు అన్నం తినలేదన్నాడు. ఒక అమ్మాయి వాళ్ళమ్మ గాజులు అమ్మేశారంది. ఈ పిల్ల, "మా తాతయ్య చేలోనే కూర్చున్నాడండి. పిలిచినా రాలేదు" అంది. నేను నీతిబోధ ఏమీ చెయ్యలేదు. గంట కొట్టాక, బోర్డు మీద ఇంకా ఎవరూ తుడవని ఆ బొమ్మను తుడిచాను. రెండు రోజులకు ఇద్దరు ఆడపిల్లలు వెళ్ళి ఆ పిల్లను తమ బల్లలోకి తెచ్చుకున్నారు. ఆ క్లాసులో ఆ మాట మళ్ళీ వినపడలేదు. మిగతా క్లాసుల సంగతి నేను చెప్పలేను.

తిరునాళ్ళ దగ్గరపడ్డాక కమిటీ వాళ్ళు నా స్నేహితుడి ఇంటికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరి పెద్దమనుషులు, మర్యాదస్తులు. "ఈ ఏడాదికి ఆగు. కుర్రాళ్ళు దురుసుగా ఉన్నారు. నీ సామాను ఏమైనా చేస్తే మాకు బాధ. నీ మంచికే" అన్నారు. వాడు కాఫీ ఇచ్చి పంపించాడు. గుంటూరు నుంచి డీజే బాక్సులు తెప్పించారు. వాడు తండ్రి చేతికింద తిరిగే వయసు నుంచీ ఆ తిరునాళ్ళకు వెళ్ళడం మానలేదు. ఆ రోజు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాడు. బాక్సుల మోత మా వీధి దాకా వచ్చింది. తిరునాళ్ళను చూసి మిగతావీ అదే దారి పట్టాయి. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తగ్గారు. మానిపించినవాళ్ళెవరూ కారణం చెప్పలేదు. ఎవరి ముఖంలోనూ ద్వేషం లేదు.

ఎన్నికలు వస్తుండగా నాయకుడు ఒక ఉదయం వాడి ఇంటికి వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. వాడు పెరట్లో హారన్లు తుడుస్తున్నాడు. నాయకుడు తోడు వచ్చినవాళ్ళను బయటే ఆపి, ఒక్కడే లోపలికొచ్చి, నవారు మంచం మీద కూర్చున్నాడు.

"బాబాయ్, మనసులో పెట్టుకోమాక. స్టేజీ ఎక్కితే కొన్ని అనాల్సొస్తది. జనానికి అదే కావాలి, నేనేం చేయను? మన మధ్య ఏమన్నా ఉందా?"

"లేదు."

"మన సభకి ఈసారి కూడా నీ సెట్టే పెట్టాలి. బయటోళ్ళని పిలిస్తే బాగుండదు. నువ్వొచ్చావంటే నలుగురూ చూస్తారు, గొడవ లేదని తెలుస్తది."

వాడు గుడ్డ పక్కన పెట్టాడు. "సెట్టు ఇస్తానయ్యా. ఇప్పుడు మన మధ్య ఏమన్నా ఉందా అన్నావు చూడు, ఆ మాట అదే మైకులో చెప్పు. ఆ రోజు అన్నది తప్పని చెప్పు. నాకు వేరే ఏం వద్దు."

నాయకుడు చాలాసేపు నేల చూశాడు. అతను సిగ్గుపడుతున్నాడని నాకనిపించింది. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

"అది కుదరదు బాబాయ్. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నన్ను నిలబడనివ్వరు. నేను కాకపోతే నాకంటే మొరటోడు వస్తాడు."

"అయితే నా సెట్టు రాదు."

నాయకుడు లేచి, వాడి చేతులు రెండూ ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయాడు. సభ బయటివాళ్ళ మైకులతో జరిగింది. అతను గెలిచాడు. ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్నాడు, హుందాగా మాట్లాడతాడు. ఆ మాట అతని నోట మళ్ళీ వినపడలేదు. అతను అనాల్సిన అవసరం లేదు, అనేవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

నా స్నేహితుడు హారన్లు అమ్మేసి ఒంగోలులో పెద్దకూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో సౌండు చూసుకుంటున్నాడు. వీలున్నప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి చూసొస్తాను. ఒకసారి భోజనాలయ్యాక అడిగాను, ఆ మొదటిసారే నేను ఉన్నదున్నట్టు చెప్పివుంటే భోజనాల హాల్లో ఉన్న నలుగురూ అసహ్యించుకుని అక్కడే ఆపేవాళ్ళేమోనని. వాడు ఆలోచించాడు. "ఆపేవాళ్ళేమో. అప్పుడే చప్పట్లు కొట్టేవాళ్ళేమో. ఎవరు చెప్పగలరురా" అన్నాడు.

మొన్న మాఘమాసంలో మా ఆవిడ అన్నయ్య ఒక పెళ్ళికి వచ్చి, మా ఇంట్లో భోజనానికి ఆగాడు. ఆయనంటే మా ఆవిడకు ప్రాణం. తండ్రి పోయాక ఆవిణ్ణి చదివించి పెళ్ళి చేసింది ఆయనే. గోంగూర పప్పు కలుపుకుంటూ ఆయన మాటల మధ్య, మా వీధి చివర కొత్తగా బట్టల కొట్టు పెట్టినవాళ్ళ గురించి, "ఇక్కడ కూడా తామర పట్టిందన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఎలా మొదలుపెట్టాలా అని తడుముకుంటున్నాను.

మా ఆవిడ నెయ్యి వడ్డించబోయి గిన్నె కింద పెట్టింది. రాజకీయాల ఊసెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి.

"అన్నయ్యా, ఈ ఇంట్లో మనుషుల్ని ఆ మాట అనొద్దు."

"ఊరికే అన్నానే. అందరూ అంటున్నదేగా."

"అందుకే అనొద్దంటున్నాను. ఇంకెక్కడైనా అనుకో. నా ఇంట్లో వద్దు."

ఆయన ముఖం చిన్నబోయింది. అన్నం పూర్తిగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, బస్సు టైమవుతోందని బయల్దేరాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి సంచిలో పచ్చడి సీసా పెట్టి ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. ఆదివారాలు ఆవిడే ఫోను చేస్తుంది. వదిన మోకాళ్ళ నొప్పుల గురించి, వానల గురించి అడుగుతుంది. ఆయన అన్నిటికీ జవాబిస్తాడు. ఒకసారి రమ్మని పిలుస్తుంది. చూద్దాంలే అంటాడు.